ఉచితానికీ స్వేచ్ఛకీ మధ్య: జావా భాష చరిత్రలో ఒక అధ్యాయం

2006 సంక్రాంతికి మా బాబాయి కొడుకు అమీర్‌పేట నుంచి ఇంటికి వచ్చాడు. చిలకలూరిపేటకీ పర్చూరుకీ నడుమ మా వూరు. నల్లరేగడి నేల, పత్తి, మిరప తప్ప మాకు మరో మాట లేదు. వాడు ఇంజనీరింగు పూర్తి చేసి, హైదరాబాదులో ఒక గదిలో మరో నలుగురితో సర్దుకుంటూ ఏడాదిగా జావా నేర్చుకుంటున్నాడు. జావా అంటే మా నాయనమ్మకి తెలిసింది రాగిజావే. "ఆ జావేదో ఇక్కడే కాస్తాం గదరా, అంత దూరం దేనికీ?" అనేది.

వాడు వస్తూ ఒక సీడీ తెచ్చాడు. లినక్స్ అన్నాడు. కంప్యూటరుకి ప్రాణం పోసే ఆపరేటింగ్ సిస్టమ్ అట. కొనక్కరలేదు, ఎవరికైనా ఇవ్వొచ్చట. ఇంట్లో వున్న కంప్యూటరులో ఎక్కించాడు. అందులో సి భాష వుంది. పెర్ల్ వుంది. పైథాన్ వుంది. ఒకటీ అరా వొత్తులు తప్పినా తెలుగు అక్షరాలు కూడా కనిపించాయి. వాడు ఏ భాషని నమ్ముకుని ఉద్యోగం వెతుక్కుంటున్నాడో ఆ జావా మాత్రం లేదు. ఆ పేరుతో ఏదో ఒకటి వుందిగాని, వాడు రాసుకొచ్చిన ప్రోగ్రాము కిటికీ తెరవమంటే తెరవదు.

"అసలు జావా ఇందులో పెట్టరన్నయ్యా. విడిగా దింపుకోవాలి."

"డబ్బు కట్టాలా?"

"అబ్బే, ఉచితమే."

"ఉచితమైతే ఇందులోనే పెట్టి ఇవ్వొచ్చుగా?"

వాడు సమాధానం చెప్పలేకపోయాడు. ఆ ఫైలు నలభై యాభై మెగాబైట్లుంటుంది. దాన్ని దించుకు రావటానికి పేటలో నెట్ సెంటరుకి వెళ్ళి ఒక పూటంతా పోగొట్టుకుని, సగంలో తెగిపోతే మళ్ళీ మొదలుపెట్టి, చీకటి పడ్డాక వచ్చాడు. పట్నంలో వున్నవాడికి సీడీలో లేకపోవటం అనేది పెద్ద విషయం కాకపోవచ్చు. పల్లెలో వున్నవాడికి సీడీలో లేనిది లోకంలో లేనట్టే.

ఉచితంగా దొరికే వస్తువుని ఉచితంగా పంచే పెట్టెలో పెట్టటానికి అడ్డం ఏమిటన్న ప్రశ్న ఆనాడు నన్ను పట్టుకుంది. నేను తెలుగు పంతుల్ని, కంప్యూటరు శాస్త్రం నాకు తెలియదు. కాని ఇది యంత్రానికి సంబంధించిన ప్రశ్న కాదని తెలుసుకోవటానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఇది ఒక భాష ఎవరి చేతిలో వుండాలన్న ప్రశ్న. కనుకనే దీన్ని సాహిత్య విద్యార్థుల ముందు పెడుతున్నాను.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే మాటకి రెండర్థాలున్నాయి. వెల లేనిది అనీ, బంధం లేనిది అనీ. ఈ రెండూ ఒకటి కావని చెప్పటానికి అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు దశాబ్దాలపాటు గొంతు చించుకోవలసి వచ్చింది. మనకా యాతన లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో వచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కి 'స్వేచ్ఛ' అని పేరు పెట్టినవాళ్ళు ఆ తేడా తెలిసే పెట్టారు. స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ అనే స్వేచ్ఛా వ్యవస్థని తలపెట్టాడు. అతను కోరింది నాలుగు హక్కులు: ప్రోగ్రాముని ఏ పనికైనా వాడుకోవటం, దాని మూలపాఠాన్ని చదివి మార్చుకోవటం, ప్రతి తీసి పొరుగువాడికి ఇవ్వటం, మార్చిన ప్రతిని కూడా ఇవ్వటం. 1987లో వాళ్ళ సి కంపైలరు వచ్చింది. 1991లో ఫిన్లండులో లీనస్ తోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నెల్‌ని బయటపెట్టి, మరుసటేడు దాన్ని గ్నూ వారి జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చాడు. ఈ ముక్కలన్నిటినీ ఒకచోట కూర్చి పంచేవాళ్ళు తరవాత పుట్టుకొచ్చారు. 1993లో మొదలైన డెబియన్ అలాంటిదే. అది ఒక స్వచ్ఛంద సంఘం.

డెబియన్‌ని ఒక గ్రంథాలయం అనుకుందాం. వేటపాలెం సారస్వత నికేతనంలో పుస్తకం చదువుకోవచ్చు, ఇంటికి తెచ్చుకోవచ్చు, తిరిగి ఇవ్వాలి. ఈ గ్రంథాలయంలో అలా కాదు. పుస్తకాన్ని అచ్చు వేసుకోవచ్చు, అధ్యాయాలు తిరగరాయొచ్చు, బజార్లో అమ్ముకోవచ్చు. అందుకు ఒప్పుకోని పుస్తకానికి ప్రధాన శాలలో స్థానం లేదు. వసారాలో విడిగా ఒక బీరువా. అంతేకాదు. తాను స్వేచ్ఛగా వున్నా, పరాధీనమైన మరో పుస్తకం మీద ఆధారపడే పుస్తకానికి ఇంకో బీరువా. జావాలో రాసిన ప్రోగ్రాములు చాలావరకు ఈ మూడో బీరువాలో పడ్డాయి. రాసినవాడు తన రచనని లోకానికి ధారపోశాడు. కాని రాసిన భాష ఒక కంపెనీది. అంచేత రచన కూడా వసారాలోనే మిగిలింది. 2004 ఏప్రిల్లో స్టాల్‌మన్ దీన్నే 'జావా ఉచ్చు' అన్నాడు.

ఆ కంపెనీ సన్ మైక్రోసిస్టమ్స్. 1991లో జేమ్స్ గాస్లింగ్ బృందం అక్కడ మొదలుపెట్టిన భాషకి మొదటి పేరు ఓక్. 1995 మేలో జావా పేరుతో దాన్ని ప్రకటించారు. 1996 జనవరిలో మొదటి ప్రతి వచ్చింది. దాని ఆకర్షణ ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఒకసారి రాస్తే ఏ యంత్రం మీదైనా నడుస్తుంది. అంతకుముందు ప్రోగ్రాములు యంత్రానికొక యాస మాట్లాడేవి. దింపుకోవటానికి సన్ డబ్బు అడగలేదు. మూలపాఠం కూడా షరతుల మీద చూపించింది. ప్రతి తీసి పంచటం, మార్చి పంచటం మాత్రం కుదరదన్నది.

ఎందుకు కుదరదన్నది? దురాశ అని సరిపెట్టుకుంటే తేలిక. ప్రాచీన కావ్యాలు చదివినవాళ్ళం కనుక మనం సన్ భయాన్ని కొంత అర్థం చేసుకోగలం. తాటాకు ప్రతులు చేతులు మారిన కొద్దీ పాఠాంతరాలు పుట్టాయి. లేఖకుడు తన పద్యం ఒకటి చొప్పించాడు. మన పరిష్కర్తల జీవితాలు ప్రక్షిప్తాలు ఏరటంలోనే గడిచిపోయాయి. ఎక్కడైనా ఒకేలా నడవాలి అన్నదే ప్రాణమైన భాషకి ప్రక్షిప్తం ప్రాణాంతకం. ఈ భయం ఊహ కాదు కూడా. 1996లో లైసెన్సు తీసుకున్న మైక్రోసాఫ్ట్, తన విండోస్ మీద మాత్రమే నడిచే చేర్పులు జావాలో చొప్పించింది. 1997 అక్టోబరులో సన్ కోర్టుకెక్కింది. 2001 జనవరిలో రాజీ కుదిరి మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు చెల్లించింది.

అయితే ఒక మాట. ప్రక్షిప్తం చేసింది ఎవరు? పెద్ద కంపెనీ. శిక్ష పడింది ఎవరికి? పంచుకోవాలనుకున్న వాళ్ళందరికీ. భాష చెడిపోతుందని కాపలా కాసేవాళ్ళ వాదం ఎప్పుడూ ఇలాగే వుంటుంది. గ్రాంథికవాదులు కూడా భాష చెడిపోతుందనే అన్నారు. వాళ్ళ భయంలో నిజం లేకపోలేదు, కాని ఆ భయానికి మూల్యం చెల్లించింది పల్లెటూరి పిల్లలు.

లినక్స్ మీదికి జావాని మొట్టమొదట తెచ్చింది సన్ కాదు. బ్లాక్‌డౌన్ అనే పేరుతో వివిధ దేశాల ఔత్సాహికులు సన్ షరతుల మీద సంతకాలు పెట్టి, మూలపాఠం తీసుకుని, జీతంభత్యం లేకుండా కొన్నేళ్ళపాటు ఆ పని చేశారు. 1999 డిసెంబరులో సన్, ఇన్‌ప్రైజ్ అనే మరో కంపెనీతో కలిసి లినక్స్ మీద జావా 2 వచ్చిందని ఆర్భాటంగా ప్రకటించింది. ఆ ప్రకటనలో బ్లాక్‌డౌన్ వాళ్ళ పేరు లేదు! గొడవ జరిగాక సన్ క్షమాపణ చెప్పుకుంది. శ్రమ ఒకరిది, ముద్ర మరొకరిది కావటం మనకి కొత్త సంగతేం కాదు. కాని ఇక్కడ ఆ శ్రామికులు ముందే సంతకం పెట్టేశారని గమనించాలి. వాళ్ళ చేతిపని మీద వాళ్ళకే హక్కు లేదు.

సంతకం పెట్టటానికి ఇష్టపడని వాళ్ళు వేరే దారి పట్టారు. సన్ రాసిన మూలపాఠాన్ని చూడకుండా, జావా ఎలా ప్రవర్తించాలో చెప్పే వివరణని మాత్రమే చదివి, అలాగే ప్రవర్తించే మరో జావాని మొదటి నుంచి రాయటం. వ్యాకరణం మాత్రమే చేతిలో పెట్టుకుని కావ్యాన్ని తిరిగి రాయటం లాంటిది ఇది. 1996లో కాఫే వచ్చింది, 1998లో గ్నూ క్లాస్‌పాత్ మొదలైంది, గ్నూ కంపైలర్ల కుటుంబంలో జీసీజే పుట్టింది. జావా గ్రంథాలయంలో వేలాది తరగతులున్నాయి. ఒక్కొక్కటీ రాసుకుంటూ పోవాలి. ఇటు నుంచి వీళ్ళు రాస్తూంటే అటు నుంచి సన్ కొత్త ప్రతులు తెస్తూంటుంది. మా తమ్ముడి కిటికీ తెరుచుకోకపోవటానికి కారణం ఇదే. తెరపై కిటికీలు, మీటలు గీసే భాగం అప్పటికి వాళ్ళకి పూర్తికాలేదు. అయినా 2005 జూన్‌లో వచ్చిన ఫెడోరా కోర్ 4లో, జావాలో రాసిన ఎక్లిప్స్ లాంటి భారీ పరికరాన్ని జీసీజేతోనే కట్టి పెట్టెలో పెట్టగలిగారు. ఇది చిన్న విజయం కాదు. సన్ లేకుండా కూడా బండి ఒకనాటికి నడుస్తుందని ఇది రుజువు చేసింది.

ఇక్కడ కొంచెం ఆగి, మా పొలాల సంగతి చెప్పాలి. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే ప్రశ్న, పత్తి గింజ రూపంలో మా ముందుకి వచ్చింది.

1987 ప్రాంతంలో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతు కూలిపోయాడు. ఆత్మహత్యలు జరిగాయి. నాకప్పుడు ఆరేడేళ్ళు, మందు డబ్బాలు కనపడకుండా దాచిన ఇళ్ళు మా వీధిలోనే వుండేవి. పత్తిలో పోయినదాన్ని పిల్లల చదువులో రాబట్టాలన్న పట్టుదల ఆ దెబ్బలోంచే పుట్టిందని నా నమ్మకం. అమీర్‌పేట గదుల్లో జావా వల్లించిన కుర్రాళ్ళలో ఎంతమంది వెనక ఎన్ని బస్తాల మిరపకాయలు, ఎన్ని తాకట్లు వున్నాయో ఏ లెక్కలోనూ రాదు. 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతిచ్చింది. 450 గ్రాముల పొట్లం 1,600 రూపాయలు దాటింది. అందులో పెద్దభాగం గింజకి కాదు, గింజలోని జన్యువు మీద హక్కుకి. 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ హక్కు రుసుము మీద గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. మేలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం పొట్లం ధర 750 రూపాయలుగా నిర్ణయించింది. 2007లో పత్తి విత్తనాల ధరల మీద ప్రత్యేక చట్టమే చేసింది.

ఈ పోలికని సాగదీయటం నాకిష్టం లేదు. సంకర విత్తనం రెండో ఏడు ఎలాగూ అదే పంట ఇవ్వదు. దానికి లైసెన్సు కారణం కాదు, ప్రకృతి కారణం. ప్రోగ్రాము వెయ్యిసార్లు ప్రతి తీసినా మొదటిదానిలాగే వుంటుంది. లాం ఫారం వాళ్ళు ఇచ్చిన 334 రకం మిరపలో రైతు తన కాయలోంచి తానే గింజ తీసి, పక్క చేనువాడికి దోసెడు ఇచ్చేవాడు. ఆ దోసెడు ఇవ్వగలగటమే నేను చెప్పేది. 2001లో పార్లమెంటు చేసిన వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా గింజ దాచుకునే, విత్తుకునే, మార్చుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు రైతుకుందని రాసింది. కంపెనీ ముద్రతో అమ్మకూడదన్నదొక్కటే షరతు. ఈ చట్టంలోని క్రియలన్నీ వరసగా చదివితే స్టాల్‌మన్ నాలుగు హక్కులే వినిపిస్తాయి. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి వుండదు.

2006లోనే సన్ దిగివచ్చింది. ముందు మే నెలలో ఒక మధ్యేమార్గం ప్రకటించింది: ఆపరేటింగ్ సిస్టమ్ పంచేవాళ్ళు జావాని మార్చకుండా తమ పెట్టెలో పెట్టుకోవచ్చు. డెబియన్, ఉబుంటు దాన్ని తీసుకున్నాయి, వసారా బీరువాలో పెట్టాయి. ఆ లైసెన్సులోని షరతుల మీద డెబియన్ వాళ్ళలో వాళ్ళకి పెద్ద తగువు జరిగింది. ఇది ఉచితాన్ని పెంచిందిగాని స్వేచ్ఛని పెంచలేదు. తగువు పడ్డవాళ్ళని ఛాందసులన్నారు. వాళ్ళు అలా పట్టుబట్టకపోతే కథ అక్కడే ముగిసేదేమో. 2006 నవంబరు 13న సన్, జావా యంత్రాన్నీ కంపైలరునీ జీపీఎల్ కింద విడుదల చేసింది. 2007 మేలో గ్రంథాలయ భాగం కూడా వచ్చింది. జావాలో రాసిన ప్రోగ్రాములన్నీ అదే లైసెన్సులోకి రానక్కరలేదని మినహాయింపు కూడా ఇచ్చింది. తెలుగు వ్యాకరణం రాసినవాడు తెలుగులో రాసిన ప్రతి నవల మీదా హక్కు అడగనట్టే.

దీన్ని సన్ ఔదార్యంగా చెప్పేవాళ్ళున్నారు. అర్ధసత్యం. అప్పటికి సన్ పరిస్థితి బాగాలేదు. దాని ఖరీదైన సర్వర్లను చౌక యంత్రాల మీద నడిచే లినక్స్ తినేస్తున్నది. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ తెచ్చి పోటీకి నిలిచింది. అపాచీ సంస్థ 2005లో హార్మనీ పేరుతో మరో స్వేచ్ఛా జావాకి పూనుకుంది. ఎలాగూ చేతిలోంచి జారిపోయేదాన్ని తానే ఇచ్చి పేరు తెచ్చుకోవటం తెలివైన పని. కాని ప్రజాఉద్యమమే సాధించిందనటం కూడా అతిశయోక్తి. జీసీజే వాళ్ళకి జీతాలిచ్చిన రెడ్‌హ్యాట్ కూడా కంపెనీయే. చరిత్రలో ఒత్తిడికీ నిర్ణయానికీ మధ్య తేదీ గీయటం కష్టం.

విడుదలతో పని పూర్తికాలేదు. ఇచ్చినదాంట్లో నూటికి నాలుగు పాళ్ళు సన్‌ది కాదు, ఇతరుల దగ్గర కొన్నది; దాని మూలపాఠం ఇవ్వటానికి సన్‌కి అధికారం లేదు. ఆ నాలుగు పాళ్ళలో ఏముందో చూడండి: ధ్వని, రంగులు, గీతలు, వాటితోపాటు అక్షరాన్ని తెర మీద చుక్కలుగా గీసే భాగం. భాష మొత్తం విముక్తమైంది, లిపి మాత్రం బందీగా మిగిలింది! అప్పుడు అక్కరకొచ్చింది ఎవరంటే ఆ పాత అనుకరణకారులే. 2007 జూన్‌లో రెడ్‌హ్యాట్ మొదలుపెట్టిన ఐస్‌డ్‌టీ అనే పథకం, గ్నూ క్లాస్‌పాత్ నుంచి ముక్కలు తెచ్చి ఖాళీలు పూడ్చింది. సన్ జావా లేకుండా, జీసీజేతోనే కొత్త జావాని కట్టే ఏర్పాటు కూడా చేసింది. అక్షరాల పనికి ఫ్రీటైప్ వచ్చింది. లినక్స్ తెరల మీద మన తెలుగు అక్షరాలని అంతకుముందు నుంచీ గీస్తున్నది అదే. పేరు కూడా గమనించదగ్గది. జావా అంటే అమెరికా వాడుకలో కాఫీ. ఆ పేరు మీద వ్యాపార హక్కు సన్‌ది. అందుకని వీళ్ళు తమదాన్ని చల్లని టీ అన్నారు.

2008 మే 13న విడుదలైన ఫెడోరా 9 పెట్టెలో ఓపెన్‌జేడీకే వుంది. మరుసటి నెలలో అది సన్ వారి కఠిన పరీక్షలన్నీ నెగ్గింది. అంటే ప్రక్షిప్తం లేదని కాపలాదారే ఒప్పుకున్నాడు. 2009 ఫిబ్రవరిలో డెబియన్ 5.0 ప్రధాన శాలలోకి జావా వచ్చింది. వసారాలో ఏళ్ళ తరబడి పడివున్న ప్రోగ్రాములు కూడా దాని వెంట లోపలికి నడిచాయి.

ఆ తరవాత జరిగినదాన్నిబట్టి ఈ పట్టుదల విలువ తెలుస్తుంది. 2010 జనవరిలో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. ఆగస్టులో ఒరాకిల్, ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్ మీద దావా వేసింది. 2021 ఏప్రిల్లో అమెరికా సుప్రీంకోర్టు గూగుల్ పక్షాన తీర్పిచ్చేదాకా అది సాగింది. 2019 ఏప్రిల్లో ఒరాకిల్ తన జావా ప్రతి లైసెన్సు మార్చి వ్యాపార అవసరాలకి రుసుము అడిగింది. 2006కి ముందైతే లోకం కట్టి వుండేది. ఇప్పుడు ఓపెన్‌జేడీకేకి మారటానికి దారి వుంది, చాలామంది మారారు.

ఇంత జరిగినా మన విమర్శ ఈ వైపు చూడలేదు. సాఫ్ట్‌వేర్ కథలంటే వలస, ఒంటరితనం, వృద్ధాశ్రమం. కుర్రాడు ఏ పనిముట్టుతో పనిచేస్తున్నాడు, ఆ పనిముట్టు ఎవరిది అని అడిగిన కథ నా దృష్టికి రాలేదు. రైతు కథ రాస్తే నాగలి, విత్తనం, అప్పు, భూమి ఎవరివో అడుగుతాం గదా.

ఈ మధ్య మా బడి కంప్యూటర్లలో పెట్టిన లినక్స్‌లో జావా ముందే వుంది. సెలవులకి వచ్చిన మా తమ్ముడు ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లలకి కొద్దిగా చూపించాడు. జావా మొదటి నుంచీ యూనికోడ్‌ని నమ్ముకున్న భాష. అందులో మనం పెట్టుకునే పేర్లు తెలుగులో వుండొచ్చు. పత్తి అని ఒక పేరు, మిరప అని ఒక పేరు పెట్టి, రెండు ధరలు ఇచ్చి కూడించాడు. వచ్చింది. షరతు మాట మాత్రం ఇంగ్లీషులో 'ఇఫ్' అనే రాయాలి. ఒక పిల్ల లేచి, అక్కడ 'అయితే' అని రాయకూడదా అని అడిగింది. కంపైలరు మూలపాఠం ఈ పెట్టె వాళ్ళే ఇస్తున్నారు, తెచ్చుకుని మార్చుకోవచ్చు, మార్చి నీ స్నేహితులకి ఇవ్వొచ్చు కూడా, ఎవరినీ అడగక్కరలేదు అన్నాడు వాడు. కాని మార్చాక దాన్ని జావా అని పిలవటానికి వీల్లేదు, ఆ పేరు ఒరాకిల్‌ది అని కూడా చెప్పాడు.

"రాగిజావ అందామండీ" అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు.